వేళ్లతో కొలిచిన పటం

నాగర్‌కర్నూలు వెళ్లాలని నాకు ఏ కోశానా లేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదికి వచ్చాయి. భూగోళంలో ఇంకా పరిశ్రమలు, రవాణా మిగిలే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మా హెడ్మాస్టరుగారు ఒక కాగితం నా ముందు పెట్టి, "టీచర్, నాగర్‌కర్నూల్ల పిల్లలకు మ్యాప్ పాయింటింగ్ పోటీ పెట్టిండ్రు. ఇద్దరిని తీస్కపోండ్రి. మన బడికి జర పేరొస్తది" అన్నారు. సిలబస్ పూర్తి కాలేదని చెప్పాను. అది ఎక్కడికీ పోదన్నారు. పోదు నిజమే, నా మెడకే చుట్టుకుని ఉంటుంది.

ఇది రెండువేల ఆరు, ఏడు ప్రాంతంలోని మాట. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ పాలమూరు జిల్లాలోనివే. నేను ఆ జూన్‌లోనే బదిలీ మీద గద్వాల బాలికల బడికి సోషల్ టీచరుగా వచ్చాను. చరిత్రలో ఆ పిల్లలు అక్బరు కొడుకును అశోకుణ్ణి చేయగల సమర్థులు. పటంలో గుర్తించమంటే మాత్రం తరగతి మొత్తానికీ నిండు మార్కులు. ఈ వింతకు కారణం నాకు అంతుబట్టలేదు. సరే, ఒక్కటైనా వస్తోంది కదా అని సంతోషించాను.

తీసుకెళ్లిన ఇద్దరిలో నస్రీన్ చురుకైనది. వాళ్ల నాన్న స్టేషన్ రోడ్డులో దర్జీ. రెండో అమ్మాయి పద్మది మానవపాడు దగ్గర పల్లె, గద్వాల హాస్టల్లో ఉండి చదువుతోంది. ఇంట్లోవాళ్లు కౌలుకు పత్తి వేస్తారు. సోషల్‌లో పద్మ గట్టెక్కితే పటం మార్కులతోనే గట్టెక్కాలి. తప్పితే మళ్లీ చదివించే ఓపిక తనకు లేదని వాళ్ల నాన్న నాతోనే అన్నాడు. "పాసైతె ఇంటర్‌ల ఏస్త టీచర్. ఫెయిలైతె చేన్ల పత్తి ఏరుతది" అన్నాడాయన. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఆ పిల్ల మార్కుల మీద నాకు అంత ఆరాటం.

ఫిబ్రవరి ఉదయం ఆరింటికల్లా గద్వాల స్టేషనుకు చేరాం. ప్యాసింజరు రావాల్సిన వేళకు రాలేదు. ఎప్పుడొస్తుందని అడిగితే టికెట్లిచ్చే ఆయన "వస్తది" అన్నాడు. నేను గడియారం చూసుకున్నకొద్దీ రైలు ఇంకా ఆలస్యమైనట్టే అనిపించింది. నస్రీన్ వాళ్లమ్మ పరాటాలు, టమాటా చట్నీ కట్టి పంపింది. పద్మ హాస్టల్ నుంచి జొన్నరొట్టె, పల్లీల పొడి తెచ్చుకుంది. రైలు వచ్చేసరికి మధ్యాహ్నానికని తెచ్చుకున్నవి సగం అయిపోయాయి.

పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. కాసేపటికి కృష్ణ వంతెన వచ్చింది. ఎండలు ముదరకముందే నీళ్లు తగ్గి, బండరాళ్ల మధ్య పాయలుగా పారుతున్నాయి. టీచరుకు ఇంతకంటే ఏం కావాలి? ఉత్సాహం ఆపుకోలేక అడిగాను.

"ఇది ఏ నది?"

నస్రీన్ లేచి నిలబడింది, తరగతి గదిలోలాగే. "కృష్ణానది పడమటి కనుమలలో మహాబలేశ్వరం వద్ద జన్మించి, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల గుండా ప్రవహించి..."

"కూర్చో తల్లీ. నీళ్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో చూసి చెప్పు."

"గది పుస్తకంల లేదు టీచర్" అంది నస్రీన్.

"కిటికీలో ఉంది కదే!"

పద్మ తొంగి చూసి, "ఎడమదిక్కుకెళ్లి వచ్చి కుడిదిక్కు పోతుంది టీచర్" అంది. తర్వాత అనుమానంగా, "గిది ఇంపార్టెంటా?" అని అడిగింది.

మేము ఉత్తరానికి పోతున్నామని, అంటే ఎడమవైపు పడమర అని, జూరాల కట్ట అటే ఉందని చెప్పడం మొదలుపెట్టేలోగా వంతెన అయిపోయింది. ఎదురుగా గంపతో కూర్చున్న పెద్దమ్మ నన్ను జాలిగా చూసింది. "గట్ల ఒర్రితె గొంతు పోతది బిడ్డా. పిల్లలను జర బువ్వ తిననియ్యి" అంది. ఒళ్లు మండింది గానీ పెద్దామెను ఏమనగలం?

ఈ దారిన వెళ్లదలచినవాళ్లకు ఒక మాట. వనపర్తి రోడ్ అనే స్టేషను వనపర్తిలో లేదు. అక్కడ దిగి ఊరు ఎక్కడని వెతకకండి. స్టేషను బయట జీపులు ఉంటాయి. అవి నిండితే తప్ప కదలవు. నిండడమంటే వెనక మెట్టు మీద మనుషులు వేలాడాలి, అప్పుడు నిండినట్టు. మేము ముగ్గురం వెనక సీట్లో ఇద్దరి చోటులో కూర్చున్నాం. నా ఒళ్లో ఎవరిదో మేకపిల్ల. "ఏమనదు టీచరమ్మా, మంచిది" అని దాని యజమాని హామీ ఇచ్చాడు. అది నా చీర కొంగు నమిలింది.

వనపర్తి బస్టాండులో చాయ్ తాగి, నాగర్‌కర్నూలు బస్సు కోసం నిలబడ్డాం. వచ్చిన మొదటి బస్సు కండక్టరు "ఎనక బస్సుంది, దాంట్ల రండి" అని విజిల్ ఊదేశాడు. వెనక బస్సు చాలాసేపు వెనకే ఉండిపోయింది. పోటీ పదకొండింటికి. గోపాల్‌పేట దాటేసరికే పది దాటింది. పోయే సమయాన్ని వృథా చేయడమెందుకని సంచిలోంచి ఖాళీ ఇండియా పటాలు రెండు తీసి చెరొకటి ఇచ్చాను. "విశాఖపట్నం గుర్తించండి."

అప్పుడు చూశాను, అన్ని నెలలూ చూడనిది.

పద్మ పటం ఎడమ కింది మూలలో చూపుడువేలు పెట్టింది. దాని పక్కన మధ్యవేలు, ఆ పక్కన ఉంగరంవేలు. పెదవులు కదుపుతూ వేళ్లు లెక్కపెట్టుకుంటూ పక్కకు జరిపింది. తర్వాత అలాగే పైకి జరిపింది. ఆగిన చోట చుక్క పెట్టింది. చుక్క అచ్చంగా విశాఖ మీదే పడింది.

"ఏందే పద్మా అది?"

"వేళ్ల లెక్క టీచర్. నస్రీన్ నేర్పింది. అందరం గట్లనే చేస్తం."

నస్రీన్ గర్వంగా వివరించింది. వాళ్ల అబ్బా లాగు మడత వేళ్లతోనే కొలుస్తాడట. రెండు వేళ్లు, మూడు వేళ్లు, ఎన్నడూ తేడా రాదట. అది చూసి ఈ పిల్ల పుస్తకంలోని ప్రతి ఊరికీ, ప్రతి నదికీ మూల నుంచి ఎన్ని వేళ్లో లెక్క కట్టింది. తరగతి అంతా బట్టీ పట్టింది. "పద్మ వేళ్లు లావు టీచర్, పత్తి ఏరిన చేతులు గదా. దానికి ఒక్కోటి తక్కువ లెక్క జెప్పిన" అంది.

బడి పరీక్షలకు పటాలన్నీ ఒకే దుకాణం నుంచి వచ్చేవి. అన్నీ ఒకటే కొలత. అందుకే తరగతి మొత్తానికీ నిండు మార్కులు!

"ఒకవేళ వాళ్లు పెద్ద పటం ఇస్తే?"

నస్రీన్ నా వైపు వింతగా చూసింది. "పెద్దగెందుకు ఇస్తరు టీచర్? ఇండియా గంతనే గదా. అదేమన్న పెరుగుతదా?"

పక్క సీటాయన అడ్డం వచ్చి, "నిజమే గదమ్మా, దేశం పెరుగుతదా ఏంది?" అన్నాడు. ఆయనకు స్కేలు అంటే ఏమిటో చెప్పబోయి ఊరుకున్నాను. ఆ బస్సులో నా ఇద్దరికి చెప్పడానికే ఉన్న ఓపిక సరిపోయేట్టు లేదు.

ముందు నదులు గుర్తుపట్టండి, తీరం చూడండి, కర్కటరేఖ ఎక్కడ పోతుందో చూడండి అని మిగిలిన దారంతా చెప్పాను. ఇద్దరూ తలలూపారు. ఆ ఊపు నాకు బాగా తెలుసు. టీచరు నోరు మూయడానికి ఊపే ఊపు అది.

నాగర్‌కర్నూలులో దిగి, ఆటోలో ఆ బడికి పరుగెత్తాం. పోటీ మొదలవుతోంది. కాగితాలు పంచారు. గుమ్మంలోంచే చూశాను. పటాలు మా వాటికి ఒకటిన్నర రెట్లు ఉన్నాయి. లోపలికి వెళ్లి చెప్పడానికి లేదు. నస్రీన్ కాగితాన్ని ఒకసారి తిప్పి చూసింది, వెనక్కి తిరిగి నా కోసం వెతికింది. పద్మ మాత్రం ఏ అనుమానమూ లేకుండా మూలలో వేలు పెట్టింది. నేను అక్కడే వరండాలో నెత్తి కొట్టుకున్నాను.

ఫలితం ఊహించుకోవచ్చు. లెక్క తప్పలేదు, పటమే పెరిగింది. చుక్కలన్నీ ఆ మూలవైపు గుంజుకుపోయాయి. ముంబై అరేబియా సముద్రంలో మునిగింది. ఢిల్లీ సూరత్ పక్కకు చేరింది. విశాఖ ఓడరేవు అనంతపురం జిల్లాలో వెలిసింది, చుక్క నీళ్లు దొరకని చోట. కాగితాలు దిద్దినాయన కోడేరు బడి నుంచి వచ్చిన సారు, మంచాయనే. కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మేడం, మీ పిల్లలు దేశాన్నే జరిపిండ్రు" అన్నాడు.

ఆ నవ్వుకు నాకు కోపం రాలేదు, భయం వేసింది. పబ్లిక్ పరీక్షలో ఏ కొలత పటం ఇస్తారో ఎవరికి తెలుసు? ఇదే అక్కడ జరిగి ఉంటే పద్మ పనైపోయేది. పోటీ పెట్టినవాళ్లు ఇచ్చిన పులిహోర పొట్లం చేతిలో పట్టుకుని, తినకుండా కూర్చున్న ఆ పిల్లను చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. నస్రీన్ కళ్లు తుడుచుకుంటోంది. "నా లెక్క నమ్మి అది గూడ పోయింది టీచర్" అంది.

"పోయింది పోటీయే. పరీక్ష ఇంకా ఉంది. లేవండి" అన్నాను. ఆ తప్పు కాగితాలు అడిగి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో రైలు జోలికి పోలేదు. నాగర్‌కర్నూలు నుంచి వనపర్తి, అక్కడి నుంచి పెబ్బేరు మీదుగా గద్వాల బస్సు పట్టుకున్నాం. వనపర్తిలో కిటికీలోంచి చున్నీ విసిరి సీట్లు ఆపుకోవాల్సి వచ్చింది. ఆ పని నస్రీన్ బాగా చేసింది. పొద్దు వాలుతుండగా బీచుపల్లి వంతెన మీదికి వచ్చాం. నేను నోరు తెరవలేదు. పొద్దున్నుంచి చెప్పి చెప్పి గొంతు నిజంగానే పోయింది.

"టీచర్, గిది గూడ కృష్ణేనా?" పద్మ అడిగింది.

అవునన్నాను.

"మరి పొద్దుగాల ఎడమదిక్కుకెళ్లి వచ్చింది. గిప్పుడు కుడిదిక్కుకెళ్లి వస్తుందేంది?"

నేను తిరిగి చూశాను. ఆ పిల్ల కిటికీ చువ్వలకు ముఖం ఆనించి నీళ్లనే చూస్తోంది. కుడివైపున సూర్యుడు దిగుతున్నాడు. "నువ్వే చెప్పు" అన్నాను.

పద్మ అరచేతిని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి చూసుకుంది. "నది అట్లనే ఉంది. మనమే ఎనక్కి మర్రినం. పొద్దుగాల అటు పోయినం, గిప్పుడు ఇంటికి పోతున్నం." తర్వాత, "అంటే గీ నీళ్లు గా రైలు బ్రిడ్జి కిందికెళ్లే వచ్చినయి" అంది.

తప్పు కాగితం తీసి వెనక్కి తిప్పి ఇచ్చాను. "వేళ్లు వద్దు. ఇప్పుడు దాటిన కృష్ణను గియ్యి. మీ ఊరికి అవతల ఏముంది?"

"తుంగభద్ర. రాజోలి దిక్కు." అదీ గీసింది, బస్సు ఊపుకు వంకరటింకరగా. రెండు గీతలనూ కుడివైపున కలిపింది, నేను చెప్పకుండానే. మధ్యలో గద్వాల, కిందుగా మానవపాడు పెట్టింది. రెండూ ఉండాల్సిన చోటనే ఉన్నాయి.

"ఈ రెండు నదుల నడుమ నేలను ఏమంటారు?"

"నడిగడ్డ" అంది వెంటనే. అక్కడ పుట్టినవాళ్లందరికీ తెలిసిన మాటే.

"పుస్తకంలో ఏమంటారు?"

తెల్వదంది. నస్రీన్ మెల్లగా, "అంతర్వేదా టీచర్?" అంది. ఆ పాఠం ఇద్దరూ చదివిందే. రాయచూరు అంతర్వేది కోసం విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు తరతరాలు యుద్ధాలు చేశారు. ఆ జవాబు పద్మకు ఎన్నిసార్లు చెప్పినా నిలిచేది కాదు. ఏ రాజులో, ఏ ఊరో కలిపేసేది.

"రాయచూరంటే మా నాయిన పత్తి అమ్మే రాయచూరేనా?"

"అదే. ఆ అంతర్వేదికి తూర్పు కొసే మీ నడిగడ్డ."

పద్మ కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. "గా రాజులు కొట్లాడుకున్నది మా కౌలు చేనుకోసమా టీచర్?"

బస్సులో సగం మంది మా వైపు తిరిగారు. నాకు పొద్దున్నుంచి మొదటిసారి మనసారా నవ్వొచ్చింది. "మీ చేను కోసమే. పరీక్షలో రాజుల పేర్లు కూడా రాయి" అన్నాను. ఎర్రవల్లి చౌరస్తా వచ్చేలోగా ఆ జవాబు తన మాటల్లో రెండుసార్లు చెప్పింది. ఒక్క పేరు కూడా తప్పలేదు. నస్రీన్ పెద్ద పటం మీద తీరం వెంట వేలితో పోతూ, ఈసారి లెక్కపెట్టకుండా, విశాఖను వెతుకుతోంది.

దారి మొత్తం మీద నాకు మిగిలిన అభిప్రాయం ఒకటే. ఈ పిల్లలకు దేశం తెలుసు, ఊరు తెలుసు. రెండూ ఒకే నేల మీద ఉన్నాయని మాత్రం మేమెవ్వరం చెప్పలేదు. పరీక్షలకు మిగిలిన రోజుల్లో పరిశ్రమలు, రవాణా ఎట్లాగూ పూర్తి కావు. ముందు తరగతి మొత్తం వేళ్లు పటం మీంచి తీయించాలి.

గద్వాల బస్టాండులో నస్రీన్ వాళ్ల నాన్న మోపెడ్ పక్కన నిలబడి ఉన్నాడు. మెడలో టేపు ఇంకా తీయలేదు. మమ్మల్ని చూడగానే, "ఏం టీచరమ్మా, ప్రైజొచ్చిందా?" అన్నాడు ఆశగా. నస్రీన్ తల దించుకుంది. జవాబు పద్మే చెప్పింది.

"రాలే చాచా. మనం యాడున్నమో ఎరుకైంది."

ఆయన నా వైపు పరేషాన్‌గా చూశాడు. "గదేంది టీచరమ్మా, గద్వాల్ల గాక ఇంకేడున్నం?" అన్నాడు.