చిచేవా పలికిన రాధాకుమారి

రాధాకుమారి చెవి బహు చురుకు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడేదీ కాదు. బర్మా ఓడరేవులో మూటలు మొయ్యడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన వారి మునిమనవరాలు. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మా, బడిలో ఇంగ్లీషు, మూడూ తడబాటు లేకుండా పలికేది.

2021లో సైన్యం గద్దెనెక్కాక ఆమె పాఠాలు చెప్పే బడి మూతబడింది. వాళ్లుండే సంచౌంగ్ పేట వీధులు మొదట నినాదాలతో దద్దరిల్లాయి, తర్వాత తుపాకులతో. అదే బడిలో ఇంగ్లీషు చెప్పే థోకో పక్క వాటాలో చిక్కుకుపోయింది. ఆమెది ఆఫ్రికాలోని మలావీ. విమానాలు లేవు, ఇంటర్నెట్టు ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఊరంతా గిన్నెలు మోగించి నిరసన తెలిపే వేళకు ఇద్దరూ పక్కపక్క బాల్కనీల్లో నిలబడి తామూ మోగించేవారు. ఆ మోత ఆగాక థోకో తన చిచేవా భాష నేర్పేది.

రాధాకుమారికి అది కొత్తగా అనిపించలేదు. తెలుగులోలాగే మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. స్వరమేమో బర్మాలోలాగా అర్థాన్ని మారుస్తుంది. ‘మ్తెంగో’ అంటే చెట్టూ అవుతుంది, ధరా అవుతుంది. అక్షరాలు ఒకటే, గొంతు ఎత్తులోనే తేడా. రెండోసారికే ఆమె రెండూ సరిగ్గా పలికితే థోకో తెల్లబోయింది.

జూలైలో కోవిడ్ ఊరిని ముంచెత్తింది. థోకోకు ఊపిరాడలేదు. ఆసుపత్రుల్లో చోటు లేదు. రాధాకుమారి మాస్కు కట్టుకుని బయల్దేరితే తల్లి, పేరు చిన్నతల్లి, గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఆ రోగం నీకూ అంటుకుంతాది. ఆ పిల్లకి ఆళ్ల దేశపోళ్లెవులూ లేరేటే?”

“ఎవులూ లేరమ్మా. మనమే.”

చిన్నతల్లి గుమ్మం వదిలింది. వంటింట్లోకి వెళ్లి బియ్యం నూకతో జావ పెట్టింది. మేనమామ ధర్మరాజు తెల్లవారింది మొదలు వరసలో నిలబడి ఆక్సిజన్ సిలిండరు నింపించుకొచ్చాడు.

థోకో మాస్కు కింద కళ్లు మూసుకుని పడుకుని ఉండగా ఆమె ఫోను మోగింది. మలావీ నుంచి తల్లి. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కూతురి గొంతు వినబడక నాలుగు రోజులైందట. థోకో పెదవులు కదిపింది గాని మాట పెగల్లేదు. అవతల ఆవిడ ఏడుపు మొదలెట్టింది.

రాధాకుమారి ఫోను అందుకుంది. చెప్పవలసింది రెండే మాటలు, కూతురు బాగుందని, జావ తిన్నదని. జావను ‘ఫలా’ అంటారు. ఒత్తు జారి ‘పలా’ అయితే గీకడమవుతుంది. చిన్నతల్లి నోట భూమి కూడా బూమే, ఆ యాసే తన నాలుకదీ. కాని బర్మా మాటల్లో ఒత్తు తప్పితే వీధిలో నవ్వుతారు, ఆ భయంతో చిన్నప్పుడే నాలుక దిద్దుకుంది. తొణక్కుండా పలికింది.

“మాయీ, థోకో అలీ బ్వినో. వాద్యా ఫలా.”

అమ్మా, థోకో బాగుంది, జావ తిన్నది. ఏడుపు టక్కున ఆగింది. ఆవిడ గబగబా ఏదో అడిగింది. రాధాకుమారికి సగమే అర్థమైంది. అర్థమైనంతవరకు జవాబిచ్చింది, మిగతాదానికి మొదటి రెండు మాటలే మళ్లీ చెప్పింది. చివరికి ఆవిడ నెమ్మదించి “జికోమో, మ్వానా వాంగా” అంది. ధన్యవాదాలు, నా బిడ్డా అని.

పన్నెండు రోజులకు థోకో లేచి కూర్చుంది. మొదట అడిగింది అద్దం, తర్వాత తల్లి ఏమందో. ఆ సాయంత్రమే ఫోన్లో తల్లితో మాట్లాడి పకపకా నవ్వింది.

“నువ్వు మా జోంబా ఊరి పిల్లవనుకుందట. పెళ్లయిందా అని అడుగుతోంది.”

ఏడాది తిరగకముందే థోకో ప్రత్యేక విమానంలో వెళ్లిపోయింది. చిన్నతల్లి ఆమె సంచిలో ఎండుచేపలు కుక్కి పంపింది. రాధాకుమారి సంచౌంగ్‌లోనే ఉండి, బడికి వెళ్లలేని పిల్లలను ఇంటికి పిలిచి భాషలు చెబుతోంది. ఆదివారాలు మలావీ తల్లి ఫోను చేస్తుంది. ఇద్దరూ పంటల గురించి, ధరల గురించి మాట్లాడుకుంటారు. ఆవిడ తప్పులు దిద్దుతుంది. ఈ మధ్య దిద్దడానికి ఆవిడకు పెద్దగా ఏమీ దొరకడం లేదు.