ఖాళీ ఇంట్లో పోపు

కొత్తగూడలో మా పాత ఫ్లాటుకు ఎదురింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పోయింది. ఫోన్ చేసి చెప్పింది మా ఫ్లాటు కొనుక్కున్న అమ్మాయి. "ఆంటీ, పెద్దమ్మ లేదు. మీరు రండి" అని మాత్రమే అనగలిగింది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. ఆమెది సిద్దిపేట వైపు, మాది భీమవరం దగ్గర. మా పిల్లల చదువులన్నీ అయ్యేదాకా ఎదురెదురు గుమ్మాల్లో బతికాం. మేము నల్లగండ్లకు మారినప్పుడు తాళంచెవి ఆమెకే ఇచ్చి వచ్చాను.

ఇల్లు వెంటనే అమ్ముడుపోతుందనుకున్నాం. పోలేదు. కొత్త ఇంటి లోను ఒకవైపు, ఖాళీ ఇంటి మెయింటెనెన్సు ఒకవైపు. ఎంత పొదుపుగా పద్దు వేసుకున్నా ఒక జీతంతో రెండిళ్లు మోయడం మావల్ల కాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు బోసి గోడల్ని చూసి ధర తగ్గించి అడిగేవారు.

ఒకరోజు నేను వెళ్లేసరికి మా గుమ్మం ముందు ముగ్గు ఉంది. లోపల వంటగట్టు మీద తన చిన్న స్టవ్వు పెట్టుకుని పెద్దమ్మ ఆవాలు వేయిస్తోంది.

"ఇక్కడ వంటేంటి పెద్దమ్మా?"

"పప్పుకు పోపు పెడ్తున్న. ఖాళీ ఇల్లు చూపిస్తె ఖాళీ ధరనే చెప్తరు బిడ్డా. జర మనుషుల వాసన తగలాలె."

అప్పటినుంచి ఎవరు చూడ్డానికి వస్తున్నా ఆ పూట పోపు మా వంటింట్లోనే. "ఇక్కడ ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగితే, "నేనే, కిరాయి లేకుంట" అని నవ్వేది.

చివరికి ఒక కొత్త జంటకు ఇల్లు నచ్చింది. అడ్వాన్సు మాటలు నడుస్తుండగా పెద్దమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"అంత మంచిగనే ఉంది గని, గట్టి వానొస్తె పడకగది గోడ చెమ్మ పడ్తది. చూస్కోండ్రి."

ఆలోచించుకుని చెప్తామని వాళ్లు వెళ్లిపోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఆ మాట ఇప్పుడే చెప్పాలా పెద్దమ్మా?"

"నువ్వు అమ్ముకొని పోతవ్. నేను రోజూ తలుపు తీస్తె వాళ్ల మొకమే చూడాలె. పోపు పెడ్త గని, చెమ్మ దాస్తనా?"

కొన్నాళ్లు ఆమెకు ఫోన్ చేయలేదు. ఆమే చేసింది. "అలిగినవా? నువ్వు అలిగితె గోడ ఆరుతదా? మేస్త్రీని పిలువు."

పిలిచాను. గోడ బాగయ్యాక ఆ జంటకు కబురు పెడితే మళ్లీ వచ్చారు. "అడక్కుండానే నిజం చెప్పే మనిషి ఎదురింట్లో ఉంటే అంతకన్నా ఏం కావాలండీ" అంది ఆ అమ్మాయి. రిజిస్ట్రేషన్ అయిన రోజు పెద్దమ్మ నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి ఆ అమ్మాయి చేతిలోనే పెట్టింది. "పాలు పొంగిచ్చుకోండ్రి. ఇగ నా స్టవ్వు నేను తీస్కపోత" అంది.

మంగళవారం నేను వెళ్లేసరికి పెద్దమ్మను హాల్లో పడుకోబెట్టారు. మధ్యాహ్నం తీసుకెళ్లిపోయాక ఆడవాళ్లం చాపల మీద కూర్చున్నాం. ఆ ఇంట్లో ఇప్పుడు పొయ్యి వెలిగించకూడదు. చుట్టుపక్కలవాళ్లే వండి పెట్టాలి. ఆమె చిన్న స్టవ్వు గట్టు మీద చల్లగా ఉంది. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని ఆమె కోడలు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

ఎదురు తలుపు బార్లా తీసి ఉంది. ఒకప్పటి నా వంటింట్లోంచి ఆవాలు చిటపటలాడిన చప్పుడు, వెనకే కరివేపాకు వాసన. కోడలు కళ్లు తెరిచి అటు చూసింది.