ఒక్క అక్షరం తేడాతో పేగన్ల పండక్కి

ఈ ప్రయాణానికి మూలకారణం ఆధ్యాత్మిక జిజ్ఞాస అని రాసుకుంటే నాకు గౌరవంగా ఉండేది. అసలు కారణం మా అమ్మ పంపిన కోడి పచ్చడి డబ్బా. కెనడాలో, ఒషావా ఊళ్ళో నా అద్దె గదిలో, అలమారలో వేలాడే చలికోటు వెనక, మూడు కవర్లు కప్పుకుని అది అజ్ఞాతవాసం చేస్తోంది. కాలేజీల నిండా మనవాళ్ళు వచ్చి దిగిన ఆ ఏడాది ఒషావాలో గది దొరకడం వీసా దొరకడం కన్నా గగనం. కిక్కిరిసిన బస్సులో, హారన్ మోతలో నిలబడి నేను ఫోన్ చేస్తే ఇంటావిడ ఐరీన్ గారు, "మాది పేగన్ ఇల్లు, నీకేం ఇబ్బంది లేదుగా" అన్నారు. పేగన్ అనే మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. నేను పార్ట్‌టైమ్ చేసే కాఫీ షాపులో రోజూ వినేది వేగన్, అంటే పాలు, గుడ్డు, మాంసం ముట్టనివాళ్ళు. నా చెవి తనకు తెలిసిన మాటనే విన్నది. "భలేవారే, నేనూ పక్కా వేగన్‌నే" అన్నాను, కోళ్ళఫారం యజమాని కొడుకుని, ఏమాత్రం తడుముకోకుండా. గది వచ్చింది.

ఆ రోజు నుంచి ఉడికించిన గుడ్లు బస్టాపులో నిలబడి తిన్నాను. ఐరీన్ గారు కూడా నా ముందు గుమ్మడికాయ కూర, చిక్కుడు గింజల సూపు తప్ప ఇంకోటి వండలేదు. హాల్లో కొవ్వొత్తులు, నదిలో ఏరిన రాళ్ళు, ఒక మట్టి అమ్మవారు, ఆ పైన జింక కొమ్ము. కొమ్ము సంగతి భయంభయంగా అడిగితే, అది అడవిలో దానంతటదే రాలి పడిందని, ఏ ప్రాణినీ బాధపెట్టలేదని చెప్పారు. ఎంత నిష్ఠ అనుకుని ఆ రాత్రి పచ్చడికి నాలుగో కవరు చుట్టాను. అలాంటి మనిషి, సెప్టెంబరు చివర్లో తమవాళ్ళు పొలంలో పండగ చేసుకుంటారు, రమ్మని పిలిస్తే కాదంటానా? పచ్చడి బయటపడితే మంచు పడకముందే నా సూట్‌కేసు రోడ్డున పడుతుంది. నెయ్యి చుక్క తగలని పులిహోర కలిపి సిద్ధమయ్యాను.

తోడుగా నా స్నేహితుడు భార్గవ్ వచ్చాడు. వాడిది కరీంనగర్. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురితో కలిసి ఉంటాడు. అటు నుంచి వచ్చేవాళ్ళకు టొరంటోలో మారి ఒషావా చేరేసరికి రెండున్నర గంటలు తేలిగ్గా పడుతుంది, శనివారం పొద్దున ఇంకాస్త ఎక్కువే. ఒషావా దాటాక ఉత్తరానికి ఆ పొలాల మధ్యకు సిటీ బస్సు లేదు, కారు తప్పదు. ఐరీన్ గారు కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించి రిటైరయ్యారు. దారి పొడవునా తన కారు కుడి తలుపు చేసే చప్పుడుని ఎవరో చుట్టాన్ని తిట్టినట్టు తిడుతూనే నడిపారు. ముప్పావుగంటలో ఊళ్ళు పోయి, ఎండిన మొక్కజొన్న చేలు, ఎర్రబడుతున్న మేపుల్ చెట్లు మిగిలాయి. లోపలికి పోవడానికి టికెట్ లేదు. డబ్బాలో తోచినంత వేయాలి, మనిషికి పది డాలర్లు మర్యాద. నలుగురికి సరిపడా ఒక వంటకం కూడా తేవాలి.

గేటు దగ్గర చెక్క మీద రంగుతో బోర్డు రాసి ఉంది. భార్గవ్ చాలాసేపు చూశాడు.

"వేగన్ స్పెల్లింగ్ తప్పు రాసిన్రు కదరా," అన్నాడు జాలిగా. "గింత పెద్ద దేశం."

లోపల నలభై మంది దాకా ఉన్నారు. మాకు ముందుగా చేయి కలిపినావిడ, తాను లైబ్రరీలో పనిచేస్తానని, మంత్రగత్తెనని ఒకే ఊపిరిలో చెప్పింది. భార్గవ్ మెల్లగా నా వెనక్కి చేరాడు. చేతబడి అంటే వాడికి పరీక్షల కన్నా భయం. ఆవిడకు అది అలవాటేమో, నవ్వి, తమకు సైతానే లేడని, అది వేరే మతంవాళ్ళ సామాను అని వివరించింది. తర్వాత అందరూ వలయంగా నిలబడ్డారు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం ఒక్కో దిక్కుకీ తిరిగి పిలిచారు. పగలూ రాత్రీ సమానమైన రోజు కనుక వెలుగుకి, చీకటికి రెంటికీ దండం పెట్టారు. రొట్టె విరిచి మొదటి ముక్క నేలకి ఇచ్చారు. మా నాన్నమ్మ అన్నం తినేముందు ఒక ముద్ద పక్కన పెట్టేది గుర్తొచ్చి, నాకు తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంత భక్తి గల కాయగూరల సంఘాన్ని నేనెక్కడా చూడలేదు.

వలయం విడిపోయాక నా బుద్ధికి చిల్లు పెట్టినవాడు డగ్. లారీ నడుపుతాడు, గడ్డం పొట్ట దాకా ఉంది. మర్యాదకి, మీ నమ్మకాలేమిటని అడిగాను. తాను ఉత్తర యూరప్ పాత దేవుళ్ళందర్నీ కొలుస్తానన్నాడు. లైబ్రరీ ఆవిడకు ఉన్నది ఒక్క అమ్మవారే. ఐరీన్ గారికి దేవుళ్ళంటే రుతువులు, నేల, వాన, అంతే. పక్కనే టీ తాగుతున్న పెద్దాయనకు దేవుడే లేడు, అయినా ఏడాదికి ఎనిమిది పండగలూ మానడు. ఒక్క గ్రంథం లేదు, ఒక్క గురువు లేడు. మరి మీ అందర్నీ కలిపేదేమిటి అన్నాను.

"కాళ్ళ కింద నేల పవిత్రం అనుకుంటాం," అన్నాడు డగ్. "ఏడాది చక్రంలా తిరుగుతుంది, మనమూ అందులోనే తిరుగుతాం అనుకుంటాం. మిగతాదంతా వాదించుకుంటాం. ఆ పైన, ఈ పేరు మేమే పెట్టుకున్నాం. పేగన్ అంటే లాటిన్‌లో పల్లెటూరోడు. తిట్టేవాళ్ళు. తిట్టునే తీసుకుని తగిలించుకున్నాం."

పేగన్. ప. నా చెవుల్లో ఆ బస్సు హారన్ మళ్ళీ మోగింది.

"మరి మీ దేశంలో కూడా నేలకి, చెట్టుకి మొక్కుతారుగా, మీరూ పేగన్లేగా?" అన్నాడు డగ్. లైబ్రరీ ఆవిడ వెంటనే అడ్డొచ్చింది. తమంతట తాము అనుకున్నవాళ్ళే పేగన్లట, మొక్కే తీరు కలిసిందని ఇంకొకళ్ళకి ఆ పేరు అంటగట్టకూడదట. నేను తల ఊపాను గానీ, హైదరాబాద్ హాస్టల్లో నాలుగేళ్ళు నన్నందరూ 'ఊరోడు' అనే పిలిచారు. లాటిన్ వస్తే అప్పుడే దర్జాగా తిరిగేవాణ్ణి.

అంతలో మూతలు తీశారు. బల్ల మీద కాల్చిన కోళ్ళు, పంది తొడ, జింక మాంసం పులుసు. భార్గవ్ పళ్ళెం అప్పటికే నిండింది.

"ఆంటీ, మీరు గివన్నీ తింటరా?" అన్నాడు ఇంగ్లిష్‌లోకి మారడం కూడా మరిచి. తర్వాత మారాడు, అదే నా ప్రాణానికొచ్చింది. "మరి వీడు పాపం చికెన్ పచ్చడి కోటు ఎన్క దాచిపెట్టి తింటుండు."

ఐరీన్ గారు చేతిలో గరిట కింద పెట్టారు. నవ్వలేదు. నా సూట్‌కేసు, మంచు, బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో ఏడో పరుపు, అన్నీ వరసగా కనిపించాయి.

"నువ్వు వేగన్ అన్నావు," అన్నారు.

"మీరు వేగన్ అన్నారనుకుని అన్నాను."

"నేను పేగన్ అన్నాను." ఆవిడ గొంతు తగ్గించారు. "బాబూ, నీ మనసు నొప్పించకూడదని నేను పంది బేకన్ మానేశాను. నువ్వు కాలేజీకి వెళ్ళాక గరాజ్‌లో కారులో కూర్చుని తింటున్నాను."

డగ్ ముందు నవ్వాడు. తర్వాత ఆవిడ కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. నా గుండె మీంచి ఫ్రిజ్ ఎవరో దించినట్టు తేలికైంది. ఆ కోడి తొడ రుచి గురించి రాయను, రాస్తే ఇది ప్రయాణ అనుభవం కాకుండా భక్తి సాహిత్యం అవుతుంది. పులిహోర గిన్నె మాత్రం నున్నగా ఖాళీ అయింది. అందులో ఎక్కువ వాటా ఆ దేవుడు లేని పెద్దాయనదే.

సాయంత్రం ఇంటికొచ్చాక నాలుగు కవర్లూ విప్పి డబ్బాను వంటింటి బల్ల మీద, దీపం పక్కన పెట్టాను. ఐరీన్ గారు బ్రెడ్ మీద కాస్త పూసుకుని తిని, చెవుల దాకా ఎర్రబడి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళీ పూసుకున్నారు. కానీ రెండో ముక్క తినేముందు ఒక చిటికెడు తీసి కిటికీ బయట మట్టిలో పెట్టారు. నేల ఆ కారాన్ని ఎలా తట్టుకుందో తెలియదు.

నలభై మంది నమ్మకాలు నలభై రకాలుగా ఉండి కూడా ఒక్క వలయంలో పట్టడం ఆ పొలంలో చూశాను. ఎవరూ ఎవర్నీ నువ్వు సరిగ్గా నమ్ముతున్నావా అని అడగలేదు, రొట్టె అందిందా అని మాత్రం అడిగారు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఒకరి కోసం ఒకరం కడుపు మాడ్చుకున్నది కూడా, ఆలోచిస్తే, ఒక రకం భక్తే. కాకపోతే ఇద్దరం తప్పు దేవుడికి ఉపవాసం ఉన్నాం. మీలో ఎవరైనా ఇలాంటి పండక్కి వెళ్ళేటట్టయితే చలికోటు, మూత గట్టిగా ఉన్న గిన్నె తీసుకెళ్ళండి, వలయంలో ఉన్నవాళ్ళని అడగకుండా ఫొటోలు తీయకండి. అంతకన్నా ముఖ్యం, ఫోన్లో గది మాట్లాడుకునేటప్పుడు బస్సు దిగి మాట్లాడండి, అర్థం కాని మాటకి మొదటి అక్షరం ఏమిటో అడగండి.