దించిన బండి

ఎర్రన్న కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. నలభై ఏళ్లుగా బళ్ల పక్కన గొంతుక్కూర్చుని రెండు మోకాళ్లూ అరగదీసుకున్నాడు. చిలకపాలెం దాటి ఎచ్చెర్ల వైపు వెళ్లే దారిలో అతని రేకుల షెడ్డు. ఏ బండి వచ్చినా ముందొక నిట్టూర్పు విడిచి, ఆ తర్వాతే పానా అందుకుంటాడు.

ఆముదాలవలస పక్క పల్లెలో నలుగురన్నదమ్ముల్లో ఆఖరివాడు. ఉన్న వరిమడి నలుగురికి చాలదని పదహారో ఏట విజయనగరం వెళ్లి ఓ మెకానిక్ దగ్గర పని నేర్చాడు. సొంత షెడ్డు వేసుకున్నాక ఒక పనిలో మంచి పేరు వచ్చింది. ఎత్తు బళ్లని దించడం. ఈ రకం బళ్లలో వెనక చక్రాన్ని స్ప్రింగుతో కలుపుతూ అడుగున రెండు ఇనప లింకులుంటాయి. ఎముకల్లా ఉంటాయి కాబట్టి ఎర్రన్న వాటిని బొమికలంటాడు. బొమిక ఓ అర సెంటీమీటరు పొడుగైతే సీటు అంగుళం దాకా దిగుతుంది. కాళ్లు అందని కుర్రాళ్లు యూనివర్సిటీ నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

తొమ్మిదేళ్ల కిందట ఒక కుర్రాడు ఇంకాస్త దించు, ఇంకాస్త దించు అని పట్టుబట్టాడు. ఎర్రన్న దించాడు. వారం తిరక్కుండా ఆ కుర్రాడు వెనక స్నేహితుణ్ణి ఎక్కించుకుని ఓ గోతిలో పడ్డాడు. టైరు పైకి లేచి మడ్‌గార్డు లోపలి అంచుకి పట్టేసింది. బండి తిరగబడి, నడుపుతున్న కుర్రాడి జబ్బ ఎముక విరిగింది. ఆ కుర్రాడి తండ్రి షెడ్డుకి వచ్చాడు. తిట్టలేదు, అరవలేదు. చాలాసేపు నిలబడి చూసి, "నీకు పిల్లలున్నారా?" అని అడిగి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఎర్రన్న ఏ బండినీ దించలేదు.

మొన్న శ్రావణంలో ఒక పొద్దున్న ఈశ్వరి వచ్చింది. ఊళ్లు తిరిగి పశువులకి సూదులు వేసే ఉద్యోగం ఆమెది. వయసు ముప్పై అయిదు, మనిషి పొట్టి. ఎక్కి వచ్చిన బండి మాత్రం గుర్రంలా ఉంది. దాన్ని ఆపడానికి షెడ్డు ముందున్న కల్వర్టు గోడ పక్కకి చేర్చి, గోడ మీద కాలు ఆనించి దిగింది.

"సిన్నాన్నా, నువ్వు బళ్లు దించుతావని సెప్పారు."

"ఎవులు సెప్పారు? ఆ పని మానీసి శానాకాలమైంది. సీట్లు కుట్టేవోడి దగ్గిరికెల్లు, ఫోమ్ కోసిస్తాడు."

"కోయించీసాను, సూడు."

ఎర్రన్న నొక్కి చూశాడు. చెక్క మీద గుడ్డ పరిచినట్టుంది.

"స్ప్రింగు కాస్త వదులు సేయించు."

"అదీ అయ్యింది. సిన్న గొయ్యొచ్చినా దబ్బున కూలబడిపోతన్నాది."

"అయితే అమ్మీసి స్కూటీ కొనుక్కో తల్లీ."

"స్కూటీ ఉన్నాది. వానలు పడితే గట్ల మీద బురదలో కూరుకుపోతాది. ఇది మా ఆయనది. సెల్ టవర్ల పని ఆయనిది. దీని మీదే పాలకొండ కొండలన్నీ తిరిగీవోడు. రణస్థలం దగ్గిర లారీ తగిలి మోకాలి కింద కాలు తీసీసారు. నడపలేడు, అమ్మనివ్వడు."

ఎర్రన్న తల అడ్డంగా ఊపాడు. ఆమె బతిమాలలేదు. మందుల పెట్టె భుజానికి తగిలించుకుని బండెక్కి తిప్పబోయింది. షెడ్డు ముందు నేల వాటం. ఆనించుదామని చాచిన కాలికి నేల అందలేదు. బండీ మనిషీ మెల్లగా, చూస్తుండగానే పక్కకి ఒరిగిపోయారు. పెట్టె మూత ఊడి, ఐసు ముక్కలూ మందు సీసాలూ మట్టిలో దొర్లాయి.

ఈశ్వరి ఏడవలేదు. దెబ్బ తగిలిన మోచేతిని కూడా చూసుకోలేదు. ఒక్కో సీసానీ చున్నీతో తుడిచి, పగిలిందేమోనని వెలుతురుకి పెట్టి చూసి పెట్టెలో సర్దింది.

"ఈ వారంలో ఇది మూడోసారి," అంది, ఎవరికో చెబుతున్నట్టు.

బండిని లేపేసరికి ఎర్రన్న నడుంలో కలుక్కుమంది. కాసేపు హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"రేపు తీసుకురా. మీ ఆయన్ని కూడా రమ్మను. ఆయన బండి ఆయన్ని అడక్కుండా నాను ముట్టుకోను."

ఆ మధ్యాహ్నం బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి, లేతు పని చేసే గోవిందరావు దగ్గర కూర్చుని మందపాటి ఉక్కు పలకతో రెండు బొమికలు చేయించాడు. ఈ రకం బళ్ల కొలతలు అతనికి నోటికొచ్చు. పాతవాటి కన్నా అర సెంటీమీటరు పొడుగు, అంతే. ఇంకాస్త పెంచమంటావా అని గోవిందరావు అడిగితే వద్దన్నాడు.

మర్నాడు ఈశ్వరి బండి మీద, ఆమె భర్త దేవేంద్ర ఆటోలో వచ్చారు. దేవేంద్ర చేతికర్ర గోడకి ఆనించి, బండి కనపడకుండా రోడ్డు వైపు తిరిగి బెంచీ మీద కూర్చున్నాడు. ఎర్రన్న బండిని స్టాండు మీదకెత్తి పాత బొమికలు విప్పాడు. బేరింగుల్లో ఎర్రటి కొండమట్టి గట్టిపడి ఉంది. కిరసనాయిలుతో కడిగి గ్రీజు పెట్టి కొత్తవి బిగించాడు. ముందు ఫోర్కు గొట్టాల్ని కూడా దానికి తగినంత పైకి జరిపాడు. లేకపోతే బండి ముక్కు పైకెత్తి, మలుపుల్లో మాట వినదు. హెడ్‌లైటు వాటం సరిచేశాడు. చివరికి సైడు స్టాండు మీద సుద్దతో గీత గీశాడు.

సుద్ద గీసిన చప్పుడుకి దేవేంద్ర ఇటు తిరిగాడు.

"దాన్ని కొయ్యాలా?"

"కొయ్యాల బాబూ. బండి దిగింది గదా. కొయ్యకపోతే నిటారుగా నిలబడతాది, గాలేసినా అవతలికి పడిపోతాది. కొంచెమే."

"నాకు కోసినప్పుడూ అలాగే అన్నారు. మోకాలి కిందే గదా, కొంచెమే అని."

నలుగురు చెప్పే ఓదార్పు మాటలు వెతికి చెప్పే ఓపిక ఎర్రన్నకి లేదు. రంపం కింద పెట్టాడు. చివరికి దేవేంద్రే, "కొయ్యి," అన్నాడు.

స్టాండు కోసి, అతికించి, చల్లారాక ఎర్రన్న మడ్‌గార్డు లోపలి వైపంతా సుద్ద రుద్దాడు. టైరు తగిలితే సుద్ద చెరిగిపోతుంది. తొమ్మిదేళ్ల కిందట ఈ పని చెయ్యాలని అతనికి తోచలేదు.

"ఇద్దరు ఎక్కి గతుకుల్లో తిప్పుకు రావాల," అన్నాడు. "ఒక్కలైతే తెల్దు."

"నువ్వు కూకో సిన్నాన్నా," అంది ఈశ్వరి.

"నాను కాలెత్తి ఎక్కలేను తల్లీ. ఎక్కినా బక్కోణ్ణి, బరువు సాలదు." దేవేంద్ర వైపు చూశాడు. "బాబూ, నువ్వే ఎక్కాల."

దేవేంద్ర చేతికర్ర అందుకున్నాడు. "ఈ బండి మీద ఎనక నానెప్పుడూ కూకోలేదు," అన్నాడు.

"అది నానెరగనా. మరెవులున్నారు, సెప్పు."

ఈశ్వరి బండెక్కింది. రెండు పాదాలూ నేలకి ఆనాయి, మడమలు మాత్రం కాస్త లేచి ఉన్నాయి. ఒకసారి కిందికి చూసుకుంది. ఎర్రన్న భుజం ఆసరా ఇచ్చి దేవేంద్రని ఎక్కించి, పెట్టుడు కాలిని తనే పట్టుకుని ఫుట్‌రెస్టు మీద పెట్టాడు.

వాళ్లు వెళ్లాక పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఎర్రన్న టీ తెప్పించుకుని తాగడం మర్చిపోయాడు. రోడ్డు మీద ఎక్కడ బ్రేకు చప్పుడైనా మెడ తిప్పి చూశాడు. అతని కళ్ల ముందు ఆ కుర్రాడి తండ్రి మొహం ఇన్నేళ్లయినా ఒక్క గీత కూడా చెరగలేదు.

ముప్పావుగంటకి వచ్చారు. ఇద్దరి మీదా బురద చుక్కలు.

"ఏటైంది?" అన్నాడు ఎర్రన్న.

"ఏటీ అవనేదు. సెరువుగట్టు మీద కూడా సూడాలని ఈయనే తిప్పించాడు. దారంతా తిట్టాడు."

"మరి గోతిలోకి మూడో గేరులో దిగుతాదేటి ఎవులైనా?" అన్నాడు దేవేంద్ర. "క్లచ్చి అలాగ వదలకూడదని పదిసార్లు సెప్పాను."

ఎర్రన్న నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి లోపలికి టార్చి వేశాడు. సుద్ద ఎక్కడిదక్కడే ఉంది. నమ్మకం చాలక వేలు పెట్టి తడిమి చూశాడు.

"బాగున్నాది. గానీ బండి పొట్ట కిందికొచ్చింది తల్లీ. రాళ్లున్న సోట సూసుకో. నెల తర్వాత ఓసారి తీసుకురా, బోల్టులు సూడాల."

పాత బొమికలు కాగితంలో చుట్టి దేవేంద్ర చేతికిచ్చాడు. అతను వాటిని విప్పి చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

నెలకి వచ్చినప్పుడూ వెనక దేవేంద్ర ఉన్నాడు, మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని. అన్ని రోజులూ రాలేడట. పెట్టుడు కాలు ఒరిసి పుండు పడితే రెండేసి రోజులు ఇంట్లోనే. వచ్చిన రోజున పశువుని పట్టుకునే పని అతనిదే. బోల్టులు బిగించినంతసేపూ భార్యాభర్తలిద్దరూ గేర్ల గురించి వాదించుకుంటూనే ఉన్నారు.

వాళ్లు వెళ్లాక ఎర్రన్న భార్య బుజ్జమ్మ అన్నం క్యారేజీ విప్పుతూ అడిగింది, "మానీసిన పని మల్లీ ఎందుకెత్తుకున్నావు?"

ఎర్రన్న చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"ఆ పిల్ల నా ఎదరే పడిపోయింది. ఏటి సేస్తాను," అన్నాడు, మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చుంటూ. "పులుసు కాస్త ఎక్కువెయ్యి."