పెలెనాతో బాబాయి సన్నచాప

సమోవా రగ్బీ జట్టు ప్రపంచంలో ఏ మూల ఓడిపోయినా ఆ తప్పు తనదేనని ఒప్పుకునే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన మా బాబాయి, పేరు పెలెనాతో. ఒప్పుకోవడమంటే ఏదో మాటవరసకి కాదు. మ్యాచ్ అయిన మర్నాడు తెల్లారేసరికి మా ఊరి పెద్ద అసియాతా గారి ఇంటిముందు, గులకరాళ్ల మీద మఠం వేసుకుని, నెత్తిమీంచి సన్నచాప, అదే సన్నటి ఆకుపోగులతో అల్లిన విలువైన చాప, కప్పుకుని కూర్చునేవాడు.

దీన్ని మేం ఇఫోంగా అంటాం. ఎవరైనా ఒకరి ప్రాణం తీసినప్పుడు, తప్పు చేసినవాడు నష్టపోయినవాళ్ల వాకిట్లో ఇలా చాప కప్పుకుని తల వంచుకుని కూర్చుంటాడు. ఆ ఇంటివాళ్ల కోపం ఎంతదాకా వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ వాళ్లు బయటికొచ్చి చాప ఎత్తారంటే క్షమించేసినట్టే. ఆ తర్వాత ఆ సంగతి ఇంకెవరూ తియ్యకూడదు. తీసినవాడు ఊరికి పందిని సమర్పించుకోవాలి. ఇంత పెద్ద ఆచారాన్ని పట్టుకొచ్చి మా బాబాయి రగ్బీకి వాడేశాడు.

బాబాయి అంటే వరసకే లెండి. సవాయి దీవిలో, అందులోనూ మా లాలోనియు ఊళ్లో, ఎవరికి ఎవరైనా ఏదో ఒక వరస కలుస్తుంది. వాళ్లిల్లు మా పక్కిల్లు. వాళ్ల పెరట్లో సముద్రం వైపు రెండు కొబ్బరిచెట్లు ఉన్నాయి. నేను తన్నడం నేర్చుకున్నది ఆ రెండు చెట్ల మధ్యే. మొదట్లో బంతి లేక పచ్చి సీమపనసకాయలు తన్నేవాణ్ణి. "కూరకి ఒక్కటైనా మిగల్చరా కిరిఫీ" అని పెనీనా పిన్ని వంటపాకలోంచి అరిచేది. "తన్నుకోనీవే, చెట్టుకి ఇంకా ఉన్నాయిగా" అని బాబాయి నా తరఫున మాట్లాడేవాడు.

మా జట్టు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ప్రపంచకప్పులో మొట్టమొదటిసారి కాలుపెట్టినప్పుడే వేల్స్ వాళ్లని వాళ్ల గడ్డమీదే ఓడించాం. ఆ కప్పులోనూ, దాని తర్వాతి కప్పులోనూ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాం. ఆ తర్వాత మళ్లీ అక్కడిదాకా చేరింది లేదు. చేతిదాకా వచ్చిన మ్యాచ్‌ని ఆఖరి నిమిషంలో వదిలేసుకోవడంలో మాకు మంచి అనుభవం ఉంది. అందుకని మా బాబాయికి ఎప్పుడూ చేతినిండా పనే.

"వేల్స్‌ని ఓడించిన రోజు నువ్వేం చేశావు బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"నిద్రపోయాను."

"మరి గెలిచాంగా."

"అదేరా నేను చెప్పేది. నేనేమీ చెయ్యలేదు, గెలిచాం. అంటే ఓడినప్పుడల్లా నేనేదో చేసి ఉండాలి."

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు చెప్పండి. మొదటిసారి కూర్చున్నప్పుడు ఊళ్లో నిజంగా హత్యే జరిగిందనుకున్నారట. అసియాతా గారు లుంగీ బిగించుకుంటూ కంగారుగా బయటికొచ్చారు.

"ఎవర్ని చంపావయ్యా?"

"మ్యాచ్‌ని, పెద్దయ్యా. జాతీయగీతం వస్తుంటే తుమ్మాను."

అసియాతా గారికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. వాకిట్లో చాప కప్పుకున్న మనిషిని అలా వదిలేసి కోకో తాగడానికి లోపలికి వెళ్లలేరు, అది పరువు తక్కువ. గొణుక్కుంటూనే చాప ఎత్తారు. దాంతో బాబాయికి దారి తెలిసిపోయింది. తర్వాతి ఓటమికి చొక్కా తిరగేసి తొడుక్కోవడం కారణం. ఆ తర్వాతి దానికి, మనవాళ్లు ముందంజలో ఉండగానే పందిని కోయడానికి కత్తి నూరడం. ఇంకోసారి చేపతలని తోకవైపు నుంచి తినడం.

"చేపతలకి తోకవైపు ఏమిటయ్యా?" అని అసియాతా గారు నిలదీశారు.

"అదే పెద్దయ్యా నా తప్పు. ఆలోచించకుండా తినేశాను."

ఊరి సభ విసుగెత్తి ఒక నియమం పెట్టింది. చెప్పిన కారణం మళ్లీ చెప్పకూడదు. సభ అనుకున్నదేమంటే రెండేళ్లలో కారణాలు అయిపోతాయి, ఈ గోల వదులుతుంది అని. వాళ్లు మా బాబాయిని తక్కువ అంచనా వేశారు. నేను జట్టులోకి వచ్చేనాటికి ఆయన ముప్ఫైఏడు కారణాలు చెప్పి ఉన్నాడు, అన్నీ వేరువేరు.

ఇక నా సంగతి. టోర్నమెంట్ పేరూ, అవతలి దేశం పేరూ చెప్పను, నాకింకా అంత ధైర్యం రాలేదు. ఆఖరి నిమిషం. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. నేను బంతిని రెండు స్తంభాల మధ్యలోంచి తన్నితే మూడు పాయింట్లు, మ్యాచ్ మాది. స్తంభాలు ఎదురుగా ఉన్నాయి. గాలి లేదు. మా అమ్మయినా కొట్టగలిగే కిక్. తన్నాను. బంతి ఎడమ స్తంభానికి అవతలగా, చాలా ప్రశాంతంగా వెళ్లిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు విమానంలో ఒక నిర్ణయానికి వచ్చాను. ఆక్లండ్‌లో మాంసం ఫ్యాక్టరీలో పని చూసిపెడతానని ఒకాయన అన్నాడు. ఇంటికెళ్లి బట్టలు సర్దుకుని, అమ్మకి కనిపించి, ఇక ఇరవై ఏళ్లు ఊరి ముఖం చూడకుండా వెళ్లిపోదామనుకున్నాను. పడవ దిగి బస్సెక్కగానే ఆ నిర్ణయం ఇంకా గట్టిపడింది. డ్రైవర్ నన్ను అద్దంలో చూశాడు. మలుపు దగ్గర బస్సుని ఎడమకి తిప్పుతూ, "నీకు ఇష్టమైన వైపేగా తమ్ముడూ" అన్నాడు. బస్సంతా ఘొల్లున నవ్వారు. కోళ్లబుట్ట పట్టుకున్న ముసలావిడ కూడా నవ్వింది.

ఊళ్లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. బస్టాపు దగ్గర పెనీనా పిన్ని లేత కొబ్బరికాయతో నిలబడి ఉంది.

"ముందిది తాగు. మీ అమ్మ మూడురోజుల్నించి గుమ్మం దాటలేదు. ఉప్పు కూడా నాతోనే తెప్పించుకుంది."

"బాబాయేడీ?"

పిన్ని గడ్డంతో చూపించింది. అసియాతా గారి వాకిట్లో, ఎర్రటి ఎండలో, సన్నచాప కప్పుకుని ఒక ఆకారం కూర్చుని ఉంది.

"మూడురోజులైంది" అంది పిన్ని. "పొద్దున్నే వెళ్తాడు, సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదాక వస్తాడు. ఈసారి చాప ఎత్తేది లేదంటోంది సభ. అందరికీ నీమీద అంత కోపం ఉంది మరి. ఇవాళ శంఖం ఊదేలోపు ఎత్తకపోతే ఇక జన్మలో కూర్చోకూడదని తీర్మానం చేశారు."

"ఈసారి కారణమేం చెప్పాడు?"

"అదే చెప్పట్లేదురా. నోరు మెదపడం లేదు."

నాకు ఒళ్లు మండింది. "ఈ వయసులో ఎండలో ఈ పిచ్చేంటి పిన్నీ? రగ్బీ అంటే అంత ప్రాణమా?"

పిన్ని నన్ను ఒక్క క్షణం వింతగా చూసింది. "ఆయనకి రగ్బీ తెలియదురా కిరిఫీ. ఎవరు ఎటు పరిగెత్తాలో కూడా తెలియదు. రేడియోలో మ్యాచ్ అయిపోయాక నన్ను ఒక్కటే అడుగుతాడు. ఆఖర్న బంతి ఎవడి చేతిలో ఉందే, వాడి తాలూకు వాళ్లు మన ఊళ్లో ఎవరున్నారే, అని. ఎవరో ఒకరు ఉండనే ఉంటారు, అత్తో, మేనమామో. వెంటనే చాప తీస్తాడు."

నేను కొబ్బరికాయ కింద పెట్టేశాను.

"నా తమ్ముడు నీకు తెలియదులే, నువ్వు పుట్టకముందు మాట. వాడూ జట్టులో ఆడాడు. చేతిలోకొచ్చిన బంతి జారవిడిచాడు. ఊరికొస్తే ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నవ్వారు. అంతే. వాడు పడవెక్కి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఆ నవ్వినవాళ్లలో మీ బాబాయి కూడా ఉన్నాడు. చాప కప్పుకోవడం ఆ తర్వాతే మొదలెట్టాడు."

నాకప్పుడు అర్థమైంది. చాప ఎత్తితే ఆ ఓటమి గురించి ఊళ్లో ఇంకెవరూ నోరెత్తడానికి వీల్లేదు. ఇన్నాళ్లూ ఊరు ఆయన్ని చూసి నవ్వింది, ఆటగాళ్ల తల్లులు మాత్రం నిశ్చింతగా చర్చికి వెళ్లొచ్చారు. ముప్ఫైఏడు సార్లు.

సంచి అక్కడే పడేసి వెళ్లి, చాప అంచు ఎత్తి లోపలికి దూరాను. లోపల ఉక్కపోత, కొబ్బరినూనె వాసన.

"ఎవడ్రా అది?"

"నేనే బాబాయ్, కిరిఫిని."

"ఇక్కడ నీకేం పనిరా? ఇంటికెళ్లి అన్నం తిను."

"తన్నింది నేనుగా బాబాయ్."

"నువ్వు తన్నావు. పాడుచేసింది నేను. ఎవడి పని వాడిది."

"ఏం చేశావేం?"

ఆయన నా చెవి దగ్గర గుసగుసగా అన్నాడు. "అదేరా గుర్తు రావట్లేదు. అన్నీ వాడేశాను. తుమ్ము అయిపోయింది, దగ్గు అయిపోయింది. మూడురోజుల్నించి ఆలోచిస్తున్నాను. నీ విషయంలో చవకబారు కారణం చెప్పడం నాకిష్టం లేదు."

ఏడుపు ఆపుకోవడానికి చాప అల్లికలోంచి బయటికి చూశాను. అసియాతా గారి ఇంటి పక్కనుంచి మా బాబాయి పెరడు కనిపిస్తోంది. రెండు కొబ్బరిచెట్లు కనిపిస్తున్నాయి. పదేళ్లు వాటి మధ్యే తన్నాను గానీ, కదలకుండా కూర్చుని వాటిని చూడటం అదే మొదటిసారి.

"బాబాయ్, ఆ చెట్లు ఎటు వాలి ఉన్నాయి?"

ఆయన కూడా కన్ను చాపకి ఆనించాడు. తర్వాత నా మోకాలు మీద ఒక్కటి చరిచి, లోపల్నించే గొంతెత్తి పిలిచాడు. "పెద్దయ్యా, కారణం చెప్తాను."

అసియాతా గారు బయటికొచ్చారు. ఆయన వెనక సభవాళ్లు నలుగురు వచ్చారు.

"చాపకింద నాలుగు కాళ్లున్నాయేమిటి?" అన్నారాయన.

"సాక్షి, పెద్దయ్యా. ఈ కుర్రాడు తన్నడం నేర్చుకున్నది నా పెరట్లో, నా చెట్ల మధ్య. ఆ చెట్లు రెండూ ఎడమకి వాలి ఉన్నాయి. నాకు ముందే తెలుసు. కొట్టేద్దామనుకున్నాను, కాయలకి ఆశపడి ఉంచేశాను. వీడి కాలు ఎడమకి అలవాటు పడింది. దేశం ఓడిపోయింది."

సభవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో బాబాయి చెప్పినవాటిలో పరీక్షించి చూడదగ్గ కారణం ఇదొక్కటే. అసియాతా గారు అంతటి పెద్దమనిషి, దారానికి రాయి కట్టుకుని స్వయంగా పెరట్లోకి నడిచారు. ఊరంతా వెనకే వెళ్లింది. మేమిద్దరం చాపకిందే ఉండి చూస్తున్నాం. ఆయన ఒక చెట్టు దగ్గర దారం వేలాడదీశారు, ఒక కన్ను మూశారు. రెండో చెట్టు దగ్గర కూడా అలాగే చేశారు. తర్వాత, నేను తన్నేచోటుకి వచ్చి నిలబడి, తలని ఎడమకి వంచి చాలాసేపు చూశారు. వెనక నిలబడ్డ ఊరంతా తలలు ఎడమకి వంచింది.

శంఖం ఊదేవాడు శంఖం చేత్తో పట్టుకుని ఊదడం మర్చిపోయి నిలబడ్డాడు. అసియాతా గారు తిరిగొచ్చి మా ముందు ఆగారు.

"రెండు మూరలు వాలి ఉన్నాయి" అన్నారు. "ఇంత వంకర పెట్టుకుని వీడు స్తంభం పక్కనుంచైనా పంపగలిగాడంటే గొప్పే."

అని చాప ఎత్తేశారు. అప్పుడుగానీ శంఖం మోగలేదు.

ఆ సాయంత్రం అమ్మ తనే దుకాణానికి వెళ్లింది. అవసరం లేకపోయినా ఉప్పు కొనుక్కొచ్చింది, దారిపొడుగునా అందర్నీ పలకరించింది. మర్నాడు బస్సు డ్రైవర్ మలుపు దగ్గర నోరు తెరిచాడు, పంది గుర్తొచ్చి మూసేశాడు. నేను ఆక్లండ్ వెళ్లలేదు. వారం తిరక్కుండా బాబాయి పెరట్లో రెండు వెదురుబొంగులు లేచాయి. వాటిని దారానికి రాయి కట్టి మరీ నిలబెట్టిన మనిషి అసియాతా గారు.

రెండేళ్ల తర్వాత మళ్లీ అలాంటి కిక్కే నా కాలిమీదికి వచ్చింది. ఈసారి బంతి నిటారుగా వెళ్లింది. గెలిచాం. ఊరికొచ్చేసరికి విందు సిద్ధంగా ఉంది, మధ్యలో ఆకుమీద కాల్చిన పంది. నేను నేరుగా బాబాయి దగ్గరికి వెళ్లి బంతి ఆయన ఒళ్లో పెట్టాను.

"నువ్వే గెలిపించావు బాబాయ్."

"నాకేం సంబంధంరా? నేను నిద్రపోయాను."

"అబద్ధం" అంది పెనీనా పిన్ని వడ్డిస్తూ. "మ్యాచ్ మొదలవ్వకముందే వెళ్లి పెద్దయ్యగారి వాకిట్లో చాప కప్పుకుని కూర్చున్నాడు. గెలిచారని నేను వెళ్లి చెప్తే అప్పుడు మడతపెట్టుకుని ఇంటికొచ్చాడు."

నేను బాబాయి వైపు చూశాను. ఆయన బంతిని అటూ ఇటూ తిప్పి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"పెందలాడే వెళ్తే నీడ ఉన్నచోటు దొరుకుతుందిరా" అన్నాడు.