చాలు అంటే ఆగే మనిషి

నర్సింగ్ చదివే పిల్లలందరూ ఆవిడను రౌడీ అత్త అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే అనేవాళ్ళు. ఆవిడ మురిసిపోయేది కూడా.

మా కాలేజీ కింది అంతస్తులో ఒక ఉత్తుత్తి వార్డు ఉంది. చక్రాల మంచాలు, సెలైన్ స్టాండ్లు, ఆక్సిజన్ గొట్టాలు, ఒకే ఒక తలుపు. చావుబతుకుల మధ్య ఉన్న రోగి వేషం నాది. రిటైరైనవాడికి పడుకుని చేసే ఉద్యోగం కంటే ఏం కావాలి? రోగి తాలూకు మనిషి వేషం ఆవిడది. "మావాణ్ణి చంపేశారు కదే!" అని అరుస్తూ వచ్చి, డ్యూటీలో ఉన్న విద్యార్థినిని గోడకు అదిమి, జుట్టు పట్టుకుని ఈడ్చడం ఆవిడ పని. రేపు ఉద్యోగంలో తగలబోయే దెబ్బ రుచి ఇక్కడే చూస్తే మంచిదని యూనివర్సిటీ వాళ్ళు ఆ క్లాసు పెట్టారు.

అంతకుముందు ఆవిడ రోడ్డుకు అవతల ఉన్న పెద్దాసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఎవరో చనిపోయిన కోపంలో వాళ్ళ మనిషి ఆవిడ ముక్కు హెల్మెట్‌తో పగలగొట్టాడు. అప్పటినుంచి ఆ ముక్కు ఎడమవైపే చూస్తుంది. "నా ముక్కే నా సర్టిఫికెట్" అనేది. దెబ్బలు ఉత్తుత్తివి కావు. మొహం, పొట్ట వదిలేసి భుజాల మీద, వీపు మీద బాదేది. "జడ వేలాడేసుకుని వస్తావా? అది వాడి చేతికి నువ్విచ్చే పగ్గమే!" అని తిట్టి, క్లాసయ్యాక ఆవిడే దువ్వి ముడి వేసేది.

ఒక్క షరతు ఉండేది. విద్యార్థి చెయ్యెత్తి "చాలు" అంటే ఆవిడ ఆగిపోవాలి. లేచిన పిడికిలి లేచినట్టే దిగిపోవాలి. అందరికీ సబబుగానే తోచింది.

పెళ్ళి చేసుకోలేదావిడ. తల్లి పోయిన అన్న కూతుర్ని ఒళ్ళో వేసుకుని పెంచింది. ఆ పిల్ల మా దగ్గరే చివరి సంవత్సరం చదువుతోంది. మేనకోడలని దయతలచేది కాదు సరికదా, రెండు ఎక్కువే తగిలించేది. ఆ పిల్ల ఏడుపు దిగమింగి, చెయ్యెత్తి, గొంతు వణక్కుండా "చాలు" అనేది. అత్త నావైపు చూసి కన్నుగీటేది.

చదువు పూర్తవాలంటే పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు పనిచెయ్యాలి. ఆ పిల్లకు ఎమర్జెన్సీ పడింది. ఒక మధ్యాహ్నం గుండెనొప్పితో తెచ్చిన మనిషి చనిపోయాడు. అతని తమ్ముడు సెలైన్ స్టాండు ఎత్తాడు. తలుపు ఆ పిల్ల వెనకే, తెరిచే ఉంది. పారిపోవచ్చు. పారిపోలేదు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చెయ్యెత్తి "చాలు" అంది. అని, వాడు ఆగుతాడని నిలబడింది.

ఇనప కడ్డీ దవడ మీద పడింది. తర్వాత భుజం మీద. కింద పడినా చెయ్యి దించలేదట. ఆ చేతినే బూటుకాలితో తొక్కాడు. నలుగురు కలిసి వాణ్ణి లాగేసరికి నేలంతా రక్తం, విరిగిన పళ్ళు. వాడి చెయ్యి పడిపోను! ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

దవడకు తీగలు కట్టిన ఆ పిల్ల పక్కన కూర్చుని అత్త తన అరచేతులే చూసుకునేది. "వాడు కొట్టింది ఒక్కపూట అన్నయ్యా. కొట్టేవాడు ఆగుతాడని రోజూ నేర్పింది నేనే కదా" అంది నాతో.

తీగలు తీశాక ఆ పిల్ల కాలేజీకి వచ్చింది కానీ, రోడ్డు దాటలేకపోయింది. ఎమర్జెన్సీ గుమ్మం కనబడితే చాలు, వాంతి. అక్కడ పని పూర్తి చెయ్యకపోతే పట్టా రాదు, ఇన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

"మానెయ్యవే. నేను లేనా?" అంది అత్త.

నోరు ఇంకా వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. పళ్ళ సందులోంచి ఆ పిల్ల అంది: "ఇంకోసారి కొట్టత్తా. ఆ మాట తీసేసి."

క్లాసంతా గోడవారగా నిలబడ్డారు. నేను మంచమెక్కి రోగినయ్యాను. అత్త మాత్రం తలుపు దగ్గరే ఉండిపోయింది. "నావల్ల కాదే తల్లీ" అంది. ఆ పిల్ల వెళ్ళి అత్త చెంప ఛెళ్ళుమనిపించింది. ఇంకో చెంప కూడా. మళ్ళీ లేచిన చేతిని అత్త గాలిలోనే పట్టుకుంది.

ఆ తర్వాతది వేషం కాదు. అత్త ఆ పిల్లను మెడ పట్టి ఈడ్చుకొచ్చి గోడకేసి కొట్టింది. స్టాండు దభీమని పడింది, గాజుసీసా పగిలింది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ పిల్ల చెయ్యి దానంతటదే పైకి లేచింది. అత్త ఆగలేదు. ఆ చేతి మీదే కొట్టింది. "ఎవడాగుతాడే? ఎవడాగుతాడు?" అని అరుస్తూ, ఏడుస్తూ, భుజాల మీద, వీపు మీద కొట్టింది. ఎవరో పిల్ల భయపడి "చాలత్తా!" అని కేక పెట్టింది. ఎవరు వింటారు?

అప్పుడు నా మంచం కదిలింది. ఆ పిల్ల రెండు చేతులా నన్నూ మంచాన్నీ కలిపి తోసింది. మంచం కడ్డీ అత్త మోకాలికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అత్త కూలిపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. తలుపు తీసుకుని పరిగెత్తింది.

"పోయిందా?" అంది అత్త, నేల మీంచే.

"గేటు దాటేసిందత్తా" అన్నారెవరో కిటికీ దగ్గర్నుంచి. అత్త నొప్పితో మూలుగుతూనే నవ్వింది.

కాసేపటికి వరండాలో చక్రాల చప్పుడు. ఆ పిల్ల ఒక వార్డుబాయ్‌తో కలిసి స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చింది. చెమటతో తడిసిపోయి ఉంది.

"ఇదెక్కడిదే?" అంది అత్త.

"ఎమర్జెన్సీలోది. మాట్లాడకు, కాలు కదపకు" అని, కాలికి అట్టముక్క కట్టి, అత్తను ఎత్తి పడుకోబెట్టింది. నేనూ వెంట నడిచాను. రోడ్డు దాటాం. ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర మనుషులు కిక్కిరిసి ఉన్నారు, లోపల ఎవడో ఎవరి మీదో అరుస్తున్నాడు. అత్త ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని, "పక్కకి జరగండి!" అని కేకేసి, స్ట్రెచర్ లోపలికి తోసుకెళ్ళింది.