మిర్యాలగూడలో నేను తీసిన మెయిన్

మా మనుమరాలు మంజుల పదో తరగతి పరీక్షలు రాసి, సూర్యాపేట పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ చదువుతానని పట్టుబట్టింది. మా కొడుకు సైదులు కోదాడలో రైసుమిల్లు పనికి పోతడు, ఒకప్పుడు నేనూ ఆ మిల్లుకే పోయిన. మిల్లు బెల్టులో వాని రెండు వేళ్లు పోయినయ్. ఆడపిల్లకు మిషన్ల చదువు వద్దన్నడు. నేను ఊకోలే. "నువ్వు గాని నేను గాని ఆ మిషన్‌ను చూసినమారా?" అని అడిగిన.

"అయితే నువ్వే చూసి రా. భయం లేదంటే ప్రవేశ పరీక్ష రాయిస్త. ఉన్నదంటే ఇగ ఆ ముచ్చట ఖతం" అన్నడు.

కోదాడలో అప్పటికి కంప్యూటర్ రాలే. మిర్యాలగూడలో ఒక కంప్యూటర్ సెంటర్ ఉన్నదని, ఆదివారం పూట బడిపిల్లలను ఊరికే కూసోబెట్టి చూపిస్తరని మంజుల వాళ్ల సైన్సు టీచరమ్మ చెప్పింది. ఆ ఆదివారమే బయలుదేరినం.

పొద్దున ఆరున్నరకు కోదాడలో బస్సెక్కినం. ఎండకాలం, పొద్దున పోవుడే మంచిది. సద్దిలో పులిహోర, సీసాలో నీళ్లు పెట్టుకున్నం. నేను అరవై దాటినంక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న. అందుకని కిటికీ పక్కన కూసోని చిలుకూరు, హుజూర్‌నగర్ అని కనబడ్డ బోర్డల్లా పైకి చదివిన. "మెల్లగ చదువు నానమ్మా, అందరు చూస్తున్నరు" అన్నది మంజుల. చూడనీయ్ అన్న.

హుజూర్‌నగర్‌లో ఒక కూరగాయలామె ఎక్కి నా పక్కన గంప పెట్టింది. పిల్ల కొత్త ఓణీ చూసి, "పెండ్లిచూపులకా?" అని అడిగింది.

"ఆ, చూపులకే. కంప్యూటర్‌ను చూసుటానికి."

"అబ్బో. అది ఒప్పుకుంటదా మరి?"

"దాని ఇష్టంతో పనేంది? మా పిల్లకు నచ్చాలె" అన్న. బస్సు దిగేదాక ఆమె నవ్వుతనే ఉన్నది.

తొమ్మిది దాటినంక మిర్యాలగూడలో దిగి చాయ తాగి, దారి అడుగుకుంట సెంటర్‌కు నడిచిపోయినం. మీరు పోతే యాదికి పెట్టుకోండ్రి: చెప్పులు బయటనే విడవాలె. లోపల బయటి ఎండ తెలువనంత చల్లగ ఉంటది, నాసొంటి ముసలోళ్లు శాలువ తీసుకపోవాలె. లోపల నాలుగు మిషన్లున్నయ్. నేర్పేది గుంటూరు దిక్కు పిల్ల, ఇరవై ఏండ్లు దాటినయో లేదో. మగోడు ఉంటడనుకున్న. ఆమెను చూసినంక నాకు జర ధైర్యం వచ్చింది.

మంజుల కుర్చీలో కూసునే ముందు దాని రెండు జడలు ఎత్తి ముడివేసి, ఓణీ చెంగు నడుములో దోపిన. తక్కిన పిల్లలు కిసకిస నవ్విన్రు.

"ఎందుకండీ మామ్మగారూ?" అని నేర్పే పిల్ల నవ్వకుండనే అడిగింది.

"బెల్టు గుంజుతదమ్మా. మా మిల్లులో ఒకామె జడ పట్టింది."

"దీనికి బెల్టు లేదండీ."

లేదు సరే. కని మంజుల చేతులు ఒళ్లోనే పెట్టుకున్నది. చిన్నప్పటి నుంచి అయ్యకు సద్ది తీసుకపోతే మిల్లు గేటు కాడనే ఆపెటోళ్లు, మిషన్ దగ్గరకు రావద్దని. నేర్పే పిల్ల మంజుల పక్కన కూసోని రెండు వరుసలు ఒక్కొక్క అక్షరం చెప్పి కొట్టించింది. కొట్టిందో లేదో, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు కింది నుంచి పైకి ఉరుకుడు మొదలుపెట్టినయ్. ఆగుతలేవు. మంజుల చేతులు గుంజుకున్నది.

మిల్లులో ఇంజను అదుపు తప్పితే ఎవరున్నా చేసే మొదటి పని ఒక్కటే. లేచి గోడకున్న కరెంటు మెయిన్ స్విచ్ తీసిన.

నాలుగు తెరలూ నల్లబడ్డయ్. లైట్లు పోయినయ్, చల్లగాలి ఆగింది.

"అయ్యో మామ్మగారూ, వీళ్లు పొద్దున్నుంచి చేసుకున్న పని పోయిందండీ. అది చెడిపోలేదు. ఆపడానికి రెండు మీటలు ఉన్నాయి, నేను చెప్పేలోపే లేచారు" అన్నది ఆమె. గొంతులో కోపం ఉన్నది, ఉండాలె గూడ. పిల్లలందరు నా దిక్కే చూస్తున్నరు. సైదులుకు ఏం చెప్పాలె, ఈ పిల్ల చదువు నా చేతులతోనే ఆగిందా అనుకున్న.

"తప్పైంది బిడ్డా" అన్న.

కరెంటు పెట్టినంక మంజులే అడిగింది. "మేడమ్, ఆ రెండు మీటలు ఏవి?"

చూపించింది. మంజుల ఇందాకటి రెండు వరుసలు ఎవరూ చెప్పకుండ తనే కొట్టింది. అక్షరాలు మళ్ల ఉరికినయ్. ఈసారి చేతులు గుంజుకోలే. నా దిక్కు తిరిగి, "అవన్నీ నా పేరే నానమ్మా. ఆపమనేదాక రాయమని నేనే చెప్పిన. నువ్వు లేవకు, కూసో" అన్నది. జరసేపు ఉరకనిచ్చి రెండు మీటలు నొక్కింది. ఆగింది.

తర్వాత నా పేరు రాసింది. నాకు వచ్చింది తెలుగు ఒక్కటే, ఇంగ్లీషు రాదు. అది నా పేరే అన్నది. నమ్మిన.

ఒంటిగంటకు బస్టాండు బెంచీ మీద పులిహోర తిన్నం. రెండు గంటల బస్సుకు సీటు దొరకలే, హుజూర్‌నగర్ దాక నిలబడే వచ్చినం. మంజుల జడలు విప్పుకోలే, నేనూ యాది చేయలే. ఈసారి బోర్డులు చదవబుద్ధి కాలే. మంజుల చేతుల దిక్కే చూసుకుంట వచ్చిన. పైకడ్డీ పట్టుకున్న చెయ్యి మీద వేళ్లు ఊకె కదులుతున్నయ్, ఏదో కొడుతున్నట్టు.

కోదాడ బస్టాండులో సైదులు నిలబడి ఉన్నడు. పిల్లను అడగలే, నన్నే అడిగిండు.

"ఏమైందే అమ్మా? భయపడ్డదా?"

"భయపడ్డది నేను. మెయిన్ తీసి అందరి పని చెడగొట్టిన. నీ బిడ్డ నన్ను కూసోమని, తనే నడిపి తనే ఆపింది."

సైదులు బిడ్డ దిక్కు చూసిండు, ముడివేసిన జడల దిక్కు చూసిండు. తర్వాత మా సంచి తీసుకొని, విచారణ కిటికీ దిక్కు నడిచిండు, సూర్యాపేటకు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికని అడుగుటానికి.